జడ్జిగారి జీవితానికి ఏడో మడత

వరద నీళ్ళు అచ్చాఫీసులో మోకాలిలోతు నిలబడి, పుస్తకాలు కుట్టే మరను తుప్పు పట్టించి వెళ్ళిపోయిన ఏడాదికి మరుసటి ఏడు జరిగింది ఇది. నీళ్ళు పోయాయి. తుప్పు పోలేదు. మరను బాగు చేయిస్తానని అచ్చాఫీసు యజమాని ప్రతి నెలా అంటూనే ఉన్నాడు. అంటే సరిపోతుందని ఆయన నమ్మకం.

ఆ రోజు పొద్దున ఆయన అనుకున్నది చిన్న పనే. రిటైరైన జడ్జిగారు ఒకాయన తన జీవిత చరిత్ర తానే రాసుకున్నారు. రెండు వందల యాభై ఆరు పేజీలు. సగం ఆయన ఇచ్చిన తీర్పులు, మిగతా సగం భార్య తరఫు చుట్టాల మీద ఆయన ఇవ్వలేకపోయిన తీర్పులు. పుస్తకం లావుగా కనిపించాలని మందపాటి కాగితం ఏరి మరీ తెచ్చి ఇచ్చారు. అచ్చు పూర్తయింది. సాయంత్రం టౌను హాల్లో ఆవిష్కరణ. అప్పటికి ఒక్క ప్రతి కుట్టి, అట్ట వేసి ఇస్తే చాలు. మిగతా రెండు వందల ప్రతులూ తీరిగ్గా ఇవ్వొచ్చు.

కుట్టవలసినవాడు మేస్త్రి. మర పోయాక చేత్తో కుట్టగలిగింది ఆయనొక్కడే. ముప్ఫై ఏళ్ళు సూది పట్టిన ఆ బొటనవేలికి సరిగ్గా ఆ వారమే గోరుచుట్టు లేచింది. వేలికి గుడ్డ చుట్టుకుని, పైకెత్తి పట్టుకుని, సాక్ష్యం చెప్పబోయేవాడిలా తిరుగుతున్నాడు. మిగతావాళ్ళలో యజమానికి సూది పట్టుకోవడం నామోషీ. ఆయన బావమరిదికి సూదిలో దారం ఎక్కించడం రాదు.

బావమరిది లెక్కల్లో డిగ్రీ చదివాడు. చదివిన లెక్కలు ఎక్కడా ఉద్యోగంగా తేలకపోతే, అక్క తన భర్త ప్రాణం తీసి అతన్ని అచ్చాఫీసులో మేనేజరుగా కూర్చోబెట్టింది. మూడు నెలలు చూసి నచ్చితే ఖాయం చేస్తానని యజమాని షరతు పెట్టాడు. ఆ మూడు నెలల్లో అతను చేసిన పనల్లా కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకోవడం. గడువు ఆ రోజుతో సరి.

"సాయంత్రానికి పుస్తకం జడ్జిగారి చేతిలో పడకపోతే, నీ తమ్ముడు రేపటి నుంచి వేరే కిటికీ చూసుకోవచ్చు," అన్నాడు యజమాని పొద్దున ఫలహారం దగ్గర భార్యతో.

"వాడు పక్కనే ఉన్నాడండీ. వింటున్నాడు."

"వినాలనే అంటున్నాను."

బావమరిది ముద్ద మింగలేదు. ఎదురుగా ఉన్న వార్తాపత్రికను మడిచాడు. మళ్ళీ మడిచాడు. ఇంకోసారి మడిచాడు. అతని మొహంలోకి వెలుగు వచ్చింది. ఆ వెలుగు రాకుండా ఉంటే ఆ ఇంటికి బాగుండేది.

"బావగారూ, కాగితాన్ని మూడు మడతలు పెడితే పదహారు పేజీలు. అంతే కదా?"

"దాన్నే ఫారం అంటారు. మూడు నెలలకి తెలిసిందన్నమాట."

"మన పుస్తకానికి అలాంటి ఫారాలు పదహారు. అవన్నీ కలిపి కుట్టాలి కాబట్టే ఈ గోల. అవునా?"

"అవును. అయితే?"

"మడత పెట్టినప్పుడల్లా పేజీలు రెట్టింపవుతాయి బావగారూ. నాలుగో మడతకి ముప్ఫై రెండు. ఐదుకి అరవై నాలుగు. ఆరుకి నూట ఇరవై ఎనిమిది. ఏడుకి రెండొందల యాభై ఆరు. అంటే పుస్తకం మొత్తానికి ఒకే కాగితం, ఏడే మడతలు. పదహారు ఫారాల్నీ విప్పి, అంచులకి జిగురు రాసి, పక్కపక్కన అంటించి ఒక పెద్ద కాగితం చేసేద్దాం. ఏడు సార్లు మడుద్దాం. వీపుకి ఇంత జిగురు రాసి అట్ట వేద్దాం. కుట్టే పనే లేదు."

యజమాని నమలడం ఆపి వేళ్ళ మీద లెక్కేశాడు. సరిగ్గా వచ్చింది. లెక్క తప్పలేదు. ఆ రోజంతా తప్పు పోనిది అదొక్కటే.

"చదువుకున్నవాణ్ణి పెట్టుకోవడమంటే ఇదీ," అంది అక్క.

మేస్త్రికి చెబితే నవ్వాడు. "మడతేనా బాబూ, ఇంకేమైనానా? మడత నాకు నిద్దట్లో పని. మూడు పెట్టే చేతికి ఏడు ఒక లెక్కా?"

ముప్ఫై ఏళ్ళలో ఆయన నాలుగో మడత పెట్టిన పాపాన పోలేదు. అవసరం రాలేదు. అవసరం రాని పనిలో ఎవరైనా ఆరితేరినవాళ్ళే.

మైదాపిండి జిగురు బకెట్టు నిండా కాచారు. బల్లలు, కుర్చీలు వీధిలోకి చేర్చారు. నేల మీద ఫారాలు పరిచి, అంచు మీద అంచు వేసి అంటించుకుంటూ పోయారు. మధ్యాహ్నానికి జడ్జిగారి జీవితం గది ఈ గోడ నుంచి ఆ గోడకి పరుచుకుంది. అప్పుడు చూస్తే బావమరిది కాగితానికి అవతల, గోడకి అతుక్కుని నిలబడి ఉన్నాడు. జిగురు ఆరేదాకా కదలడానికి లేదు. జిగురు రాసేవాడు తలుపు వైపు నుంచి మొదలుపెడితే అవతలి గోడ దగ్గర తేలతాడన్నది కూడా లెక్కేనని అతనికి ఎవరూ నేర్పలేదు.

"ఆరిందా మేస్త్రీ?" అన్నాడు యజమాని గుమ్మంలోంచి.

"పైపైన ఆరిందయ్యా. లోపల ఇంకా పచ్చిగానే ఉంది."

"పైన ఆరితే చాలు. మొదలెట్టండి."

మొదటి మడతకి నాలుగు మూలలకీ నలుగురు కావలసి వచ్చారు. యజమాని, ఆయన భార్య, బావమరిది, తొమ్మిది వేళ్ళతో మేస్త్రి.

"అక్కా, నీ వైపు వదులుగా ఉంది."

"నా వైపు కాదురా, మీ బావ వైపు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క దుప్పటి మడతపెడితే కదా ఆయనకి చేతనవ్వడానికి."

"మనం కాగితం మడుస్తున్నామా, నా కాపురం విప్పుతున్నామా?" అన్నాడు యజమాని.

మొదటి మడత పడింది. రెండోది పడింది. మూడోది పడ్డాక మేస్త్రి "చెప్పానా" అన్నాడు. నాలుగోది పడ్డాక ఏమీ అనలేదు. ఐదో మడతకి మోకాళ్ళు వేసి అదిమారు. అతుకుల్లోంచి పచ్చి జిగురు బయటికి ఉబికింది. లోపలి పేజీలు నాలుకలు చాపినట్టు అంచులు దాటి ముందుకొచ్చాయి. మడిచిన ప్రతిసారీ కాగితం సగమవుతుందని నలుగురూ చూశారు. మందం రెట్టింపవుతుందన్న సంగతి వాళ్ళు చూడలేదు. అది కాగితం చూసుకుంది.

ఆరో మడతకి సుత్తి దిగింది. చెక్క సుత్తి ముందు, ఇనప సుత్తి తర్వాత. కాగితం ఒక పక్క వంగితే ఇంకో పక్క లేస్తోంది. నలుగురూ దాని మీద వరసగా కూర్చున్నారు. బరువైనవాళ్ళు ఆ ఇంట్లో ఎవరో ఆ కాసేపట్లో అందరికీ తెలిసింది, ఎవరూ నోరెత్తలేదు. చివరికి ఆరోది పడింది. పడ్డాక అది కాగితంలా లేదు. పీటలా ఉంది.

ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు బావమరిది గోడకి చేరగిలబడి లోపల్లోపల ఏదో లెక్క వేసుకున్నాడు.

"బావగారూ, ఈ కాగితమే పది మడతలు పడిందనుకోండి, జానెడు ఎత్తు అవుతుంది. ఇరవై పడితే ఈ వీధిలో ఏ మేడా దాని మోకాలికి రాదు. నలభై ఒకటి పడితే..."

"పడితే?"

"చందమామ దాటిపోతుంది."

యజమాని చేతిలో సుత్తి కింద పెట్టాడు.

"ఈ ముక్క పొద్దున ఫలహారం దగ్గర చెప్పలేకపోయావట్రా?" అన్నాడు యజమాని.

"పొద్దున పేజీలు లెక్కేశానండీ. ఎత్తు లెక్కెయ్యలేదు."

"నీకు చందమామ నేను చూపిస్తాను. ముందు ఏడోది పట్టు."

వెనక్కి పోయే దారి లేదు. పచ్చి జిగురుతో అతుక్కున్న జీవితాన్ని విప్పితే చిరుగుతుంది. విప్పకపోతే ఆరు మడతల దగ్గర అది పుస్తకం కాదు, దిండు. అడుసు తొక్కడం అయిపోయింది, కాలు కడుక్కోవడానికి నీళ్ళు లేవు. పుస్తకాలు అదిమే ఇనప మరలో పెట్టి, పిడి పట్టుకుని ముగ్గురు తిప్పారు. టక్కుమని చప్పుడైంది. మడత పడిందని అక్క సంతోషించింది. విరిగింది పిడి. వరద ఒక మరను తింటే, జడ్జిగారి జీవితం రెండోదాన్ని తింది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో కారు ఆగింది. పుస్తకం తీసుకురమ్మని జడ్జిగారు డ్రైవరును పంపారు. యజమాని కారు చక్రాన్ని చూశాడు. బావమరిదిని చూశాడు. మళ్ళీ చక్రాన్ని చూశాడు. మేస్త్రీ, బావమరిదీ ఆ దిండును ఈడ్చుకొచ్చి చక్రం వెనక పెట్టారు.

"బాబ్బాబు, చిన్న సాయం. బండి కొంచెం వెనక్కి తియ్యాలి."

"దేని మీదికండీ?" అన్నాడు డ్రైవరు కిందికి చూస్తూ.

"పుస్తకం మీదికి."

"జడ్జిగారి జీవితం మీదికి జడ్జిగారి కారు ఎక్కించమంటారా?"

"ఆయన కారైతేనే గౌరవం," అన్నాడు మేస్త్రి, వేలు పైకెత్తి.

డ్రైవరు పన్నెండేళ్ళుగా జడ్జిగారి దగ్గర పనిచేస్తున్నాడు. ఎక్కువసేపు బతిమాలించుకోలేదు. ఒకసారి చాలన్నా రెండుసార్లు ఎక్కించాడు. ఏడో మడత పడింది. పైపొర మడత దగ్గర పిగిలి ముందుమాట చిరిగిపోయింది. వెనక పేజీ మీద టైరు అచ్చు దిగింది. ఆ రోజు అచ్చాఫీసులో అన్నిటికన్నా శుభ్రంగా పడిన అచ్చు అదే. చిరుగునూ అచ్చునూ కప్పుతూ అట్ట వేసి, అట్ట మీద రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టి, ఇద్దరు మోసుకెళ్ళి కారులో పెట్టారు.

సాయంత్రానికి లోపలి జిగురు ఆరింది. మైదా జిగురు ఆరితే ఎలా ఉంటుందో మేస్త్రికి తెలుసు. అందుకే హాల్లో చివరి వరసలో, గుమ్మం పక్క కుర్చీ చూసుకున్నాడు. బావమరిది ఆ పక్కనే కూర్చున్నాడు. యజమాని ఆ రెండు కుర్చీల వెనక నిలబడ్డాడు, పారిపోతే ముందు తనే పోవచ్చని.

ముఖ్య అతిథి రిబ్బను విప్పి, కాగితం తీసి, పుస్తకాన్ని తెరవబోయాడు. అది తెరుచుకోలేదు. గోరు పెట్టాడు. బొటనవేళ్ళు పెట్టాడు. బల్ల అంచుకి ఆనించి లాగాడు. జడ్జిగారి జీవితం ఇటుకలా బిగుసుకుని కూర్చుంది. అతిథి ఒక్క క్షణం ఆలోచించాడు. ఆయన పుస్తకం చదవలేదు. చదవని పుస్తకం తెరుచుకోకపోవడం ఎంత హాయో ఆయనకి వెంటనే బోధపడింది. దాన్ని రెండు చేతులా తలపైకెత్తి సభకి చూపించి, గంటసేపు తన సొంత జీవితం గురించి మాట్లాడాడు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న భార్య తరఫు చుట్టాలు వంతులవారీగా పుస్తకాన్ని లాగి చూశారు. ఎవరి వల్లా కాలేదు. మొహాలు విప్పారాయి. పదేళ్ళుగా మాటల్లేని జడ్జిగారి బావమరుదులు వేదికెక్కి ఆయన్ని కౌగిలించుకున్నారు.

సభ అయ్యాక జడ్జిగారి భార్య నేరుగా చివరి వరసకే వచ్చింది. బావమరిది లేచి నిలబడ్డాడు. ఉద్యోగం పోయిందనుకుని గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు.

"ఇలా చేసింది నువ్వేనా బాబూ?"

"నేనేనండీ. తప్పయిపోయింది."

"మిగతా రెండు వందలూ?"

"అవి చక్కగా కుట్టించి..."

"కుట్టిస్తే ఊరుకోను," అంది ఆవిడ గొంతు తగ్గించి. "అన్నీ ఇలాగే రావాలి. ఒక్కటి కూడా తెరుచుకోకూడదు. ఆరు నెలల నుంచి ఆ పుస్తకం తలుచుకుని నాకు నిద్ర లేదు. మా అన్నదమ్ముల గురించి ఏం రాశారో నాకు తెలుసు."

ఇంతలో జడ్జిగారే వచ్చారు. చుట్టాలు కౌగిలించుకున్న తడి ఇంకా కళ్ళలో ఉంది. తన రాత అందర్నీ మార్చేసిందని ఆయన అనుకుంటున్నారు.

"ఏమయ్యా యజమానీ, రెండో భాగం కూడా సిద్ధంగా ఉంది. ఇంతే ఉంటుంది. విడిగా ఎందుకు, దీన్లోనే కలిపెయ్యి. మీ మేనేజరు మడతల సంగతి మా డ్రైవరు చెప్పాడు. ఆ పద్ధతి ప్రకారం ఒక్క మడతేగా ఎక్కువ?"

"ఒక్కటేనండీ," అన్నాడు యజమాని. కాదని చెప్పడం ఆయనకి అలవాటు లేదు. అక్కడికక్కడే బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. "కుర్రాడి ఉద్యోగం ఈ రోజుతో ఖాయం చేశానండీ. ఈ రెండు వందలూ వీడే దగ్గరుండి చూసుకుంటాడు. వీడి బుర్ర ఇంకెవరికీ లేదు."

అక్క కళ్ళు తుడుచుకుంది. మేస్త్రి తన బొటనవేలిని చూసుకుని, నెల దాకా అది తగ్గదని అందరికీ వినపడేలా అన్నాడు. బావమరిది రాత్రి భోజనం దగ్గర కూడా లెక్కల్లోనే ఉన్నాడు. అతని పెదవులు రెండు వందల్ని ఎనిమిది మడతలతో హెచ్చవేస్తూ కదులుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున అతను అందరికన్నా ముందు అచ్చాఫీసుకి వచ్చి, యజమాని బల్ల మీద రాజీనామా కాగితం పెట్టి వెళ్ళిపోయాడు. దాన్ని మడత పెట్టలేదు.