మధ్యాహ్నం తేదీ మారిన కారు

గడియారాలు బాగుచేసే ఆయన ఆ ఆదివారం వేసుకున్న పథకం చిన్నదే. కాఫీ తాగాలి, కారు స్టార్ట్ చేయాలి, భార్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వీధి వీధంతా కుళ్లుకునేలా ఒక చుట్టు తిరగాలి. తనకంటే నాలుగేళ్లే చిన్నదైన ఆ కారు ఇంజనును ఆయనే విప్పి, పిస్టన్ రింగులు మార్చి, మళ్లీ తన చేతులతోనే బిగించాడు. ఒక్క బోల్టు కూడా మిగల్లేదని పాలవాడిక్కూడా చెప్పుకున్నాడు.

భార్య మాత్రం గడువు పెట్టింది. "పదింటికల్లా కదిలిందా, సరే. లేదంటే పాత ఇనుమాయన వచ్చి ఈడ్చుకుపోతాడు. కబురు పెట్టేశాను. నా వరండా నాకు కావాలి."

"టైమింగు గురించి నాకా చెప్తున్నావు? ఈ ఊరి టైమంతా నా చేతుల మీదుగానే నడుస్తోంది!" అంటూ ఆయన తాళం తిప్పాడు.

ఇంజను రెండుసార్లు మూలిగి 'ఢాం' అంది. ఎయిర్ ఫిల్టర్ మూత గాల్లోకి లేచి, గోడ దాటి, అప్పుడే వచ్చి ఆగిన ట్రక్కులో సరిగ్గా తక్కెడ పళ్లెంలో పడింది. పాత ఇనుమాయన కంగారుపడలేదు. తూకం చూశాడు.

"కిలోంబావు. మిగతాది కూడా ఇలాగే పంపిస్తావా అన్నా, నన్నే లోపలికి రమ్మంటావా?"

సాయానికి వచ్చిన బావమరిది ఇస్త్రీ చొక్కా చేతులు మడిచాడు. ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ను ఎడమకు తిప్పి చూశారు. 'ఢాం'. సైలెన్సర్ కక్కిన మసి ఎదురింటావిడ ఆరేసిన దుప్పట్లన్నిటికీ అంటుకుంది. కుడికి తిప్పారు. ఈసారి ఎదురింటావిడే బయటికొచ్చింది.

"దుప్పటికి చుక్కలు కావాలని నేనడిగానా?" అని ఆవిడ అరుస్తుండగా బ్యాటరీ కూడా చచ్చింది.

"అయిపోయింది బావా. ఒప్పేసుకో."

"నా బ్యాటరీ తీసుకో అన్నా," అన్నాడు పాత ఇనుమాయన, పెద్ద మనసుతో. "దాని చివరి కోరిక ఎందుకు కాదనాలి?"

ట్రక్కు బ్యాటరీ తగిలించి అరగంట పాటు దాని ప్రాణం తోడేశారు. పది కావస్తోంది. పాత ఇనుమాయన తాడు తెచ్చి కారు ముందు బంపరుకు కట్టేశాడు. చివరి ప్రయత్నంగా బావమరిది ఒక ప్లగ్గు విప్పాడు. గడియారాలాయన ఇంజను తిప్పగానే ఆ రంధ్రంలోంచి పెట్రోలు తుంపర్లు ఇస్త్రీ చొక్కా మీద పడ్డాయి. అతను గబుక్కున బొటనవేలు అడ్డం పెట్టాడు.

"అమ్మో! అక్కా! లోపల్నించి ఎవరో తంతున్నారే!"

గడియారాలాయన తల బయటపెట్టాడు. "ప్రతి చుట్టుకీ తంతోందా?"

"లేదు బావా. ఒకటి తప్పించి ఒకటి."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బిగించేటప్పుడు పిస్టన్ పైకి రావడం కళ్లారా చూసి, నిప్పును దానికి సరిపెట్టాడు. కానీ పిస్టన్ పైకి రెండుసార్లు వస్తుంది. ఒకసారి గాలిని నొక్కడానికి, ఒకసారి పొగను తరమడానికి. నిప్పు పడాల్సింది మొదటిదానికి, ఆయన పెట్టింది రెండోదానికి. గడియారంలో చిన్న ముల్లు రోజుకు రెండుసార్లు పన్నెండుకు వచ్చినట్టే. మిట్టమధ్యాహ్నం తేదీ మారిపోయే గడియారాలు ఎన్నో ఆయన కొట్టుకు వచ్చేవి. వాటికి అలా టైము పెట్టినవాళ్లను ఆయన నోటికొచ్చినట్టు తిట్టేవాడు.

"తెలుసు లేరా," అన్నాడు దర్జాగా. "నీకు తడుతుందో లేదో చూద్దామని ఊరుకున్నా."

డిస్ట్రిబ్యూటర్ను పైకి లాగి, అర చుట్టు తిప్పి దించాడు. ప్లగ్గు బిగించి తాళం తిప్పాడు. ఢాం లేదు. ఇంజను అందుకుంది! చేతి గడియారాన్ని చెవికి ఆనించుకున్నట్టు తల వంచి, డిస్ట్రిబ్యూటర్ను వెంట్రుకవాసి జరిపాడు. చప్పుడు ఎంత నున్నగా తేలిందంటే, ఎదురింటావిడ తిట్టడం మధ్యలో ఆపి వినసాగింది.

ఇంజను నడుస్తుండగానే ఎవరి బ్యాటరీ వాళ్లు మార్చుకున్నారు. పాత ఇనుమాయన ట్రక్కెక్కి తాళం తిప్పాడు. 'టిక్' అంది. మళ్లీ 'టిక్'. అంతే.

"ఏవండీ, పాపం," అంది భార్య. అప్పటికే తల దువ్వుకుని ముందు సీట్లో కూర్చుంది. "తాడు ఎలాగూ ఉందిగా."

తాడు ముందు బంపరు నుంచి వెనక బంపరుకు మారింది. కారు ట్రక్కును ఈడ్చుకుంటూ వీధిలోకి వచ్చింది. జనం గుమ్మాల్లోకి వచ్చారు. "మా ఆయన ఒంటిచేత్తో చేశారు," అని భార్య కిటికీలోంచి ప్రతి గుమ్మానికీ చెప్పింది. చొక్కా తడిసిన బావమరిది వెనక సీట్లో బొటనవేలు ఊదుకుంటూ కూర్చున్నాడు.

"అన్నా! నా కొట్టు దాటిపోయింది!" వెనకనుంచి పాత ఇనుమాయన కేకేశాడు.

"చూశాను తమ్ముడూ!"

కొట్టు మూడోసారి దాటిపోయాక పాత ఇనుమాయన కేకేయడం మానేశాడు.