సిలబస్‌లో లేని పడవ

పిల్లలను కథల బారినుంచి కాపాడుతున్న మహానుభావులకు మన గుడివాడలో ఇంతవరకూ ఒక్క శాలువా కప్పలేదంటే సిగ్గుచేటు! దోమల మందు కొట్టించినవాడికి కప్పాం. పసిబుర్రల్లో కథ అనే పురుగు చేరకుండా మందు కొట్టిన ఈశ్వరప్రసాద్ గారిని మాత్రం మరిచిపోయాం.

ఆయనకు ఏలూరు రోడ్డులో ఎరువుల కొట్టు ఉంది. ఒక్కగానొక్క కూతురు ఐశ్వర్య ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి. పాఠం చదవడం అనే పాత అలవాటును ఆ స్కూల్లో ఎప్పుడో మాన్పించారు. గైడు తెరుస్తారు, సార్ ఇంపార్టెంట్ అన్నచోట పెన్సిల్‌తో బ్రాకెట్ పెడతారు, బ్రాకెట్‌లో ఉన్నది మింగుతారు, పరీక్షలో కక్కుతారు. పాఠ్యపుస్తకం ఏడాది చివర కూడా కొత్తగానే ఉంటుంది, బుర్రా అంతే! ఇంతకంటే పరిశుభ్రమైన చదువు ఎక్కడైనా ఉందా?

అలాంటి చోటికి వినీల గారనే తెలుగు టీచరు వచ్చిపడ్డారు. ఆవిడ చేసిన ఘోరం వినండి. ఇంటినుంచి తెచ్చిన కథల పుస్తకం తెరిచి క్లాసులో పైకి చదివారు! దివిసీమలో ఒక రేవు. ఏటికి వరద. చంటిబిడ్డకు జ్వరం, అవతలి ఒడ్డుకు దాటించమంటూ ఒక తల్లి పడవవాడి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఒకప్పుడు ఆ పడవవాడి గుడిసె తగలబెట్టించింది ఆమె భర్తే. పడవవాడు కట్టుతాడు మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అక్కడ పుస్తకం మూసి, "మిగతాది రేపు. మీరైతే ఏం చేస్తారో ఆలోచించుకుని రండి" అన్నారు.

ఆలోచించాలట! తొమ్మిదో తరగతి పిల్లలు! ఆ మాట ఏ గైడులోనైనా ఉందా?

ఆ సాయంత్రం ఐశ్వర్య అన్నం కలుపుకుంటూ తల్లికి కథంతా చెప్పింది. భానుమతి గారు గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయారు. పొయ్యిమీద దొండకాయ వేపుడు బొగ్గయింది.

"తాడు విప్పుతాడంటావా అమ్మా?"

"విప్పకేం చేస్తాడే, పసిబిడ్డ కదా!"

"గుడిసె తగలబెట్టారుగా మరి?"

తల్లీకూతుళ్లు పట్టు వదల్లేదు. హాల్లో టీవీ చూస్తున్న ఈశ్వరప్రసాద్ గారు సౌండు తగ్గించి మొత్తం విన్నారు. సౌండు ఎందుకు తగ్గించారని అడక్కండి. బాధ్యత గల తండ్రి!

మర్నాడు పొద్దున్నే ఆయన ప్రిన్సిపాల్ శ్యాంబాబు గారి గదిలో ఉన్నారు.

"ఏవండీ, ఆ పడవ కథ ఎగ్జామ్‌లో వస్తుందా?"

"రాదండీ."

"మరి మా అమ్మాయి దాని గురించి ఎందుకు ఆలోచిస్తోందండీ?"

వినీల గారిని పిలిపించారు. "ఒక్క పీరియడ్ ఇవ్వండి సార్, కథ పూర్తి చేసేస్తాను. పిల్లలు ఎదురుచూస్తున్నారు" అని ఆవిడ బతిమాలారు. శ్యాంబాబు గారు దయగల మనిషి, ఉద్యోగం తియ్యలేదు. పాంప్లెట్లు చేతికిచ్చి, అడ్మిషన్ల కోసం గూడూరు వైపు ఇంటింటికీ తిరగమన్నారు. పుస్తకం ఆవిడ సంచిలోనే వెళ్లిపోయింది. టీచరన్నాక చదువు చెబుతూ కూర్చుంటే ఎలా? మా స్కూల్లో చదువు బాగా చెబుతారండీ అని ఎండలో తిరిగి చెప్పేవాళ్లు కావద్దూ!

కథేమైందని పిల్లలు కొన్నాళ్లు గొడవ చేశారు. స్కూలువారు వాళ్లనీ నిరాశపరచలేదు. విన్నంతవరకు బిట్ పేపర్ కొట్టించి ఇచ్చారు. బిడ్డకు వచ్చినదేమి: జ్వరమా, దగ్గా? ఏటికి వచ్చినదేమి: వరదా, కరువా? పిల్లలు చకచకా టిక్కులు పెట్టేశారు. గొడవ చల్లారింది.

అంతా సవ్యంగానే ఉంది, ఒక్క ఈశ్వరప్రసాద్ గారికి తప్ప. ఆయనకు ఈమధ్య కొట్లో మనసు నిలవడం లేదు. యూరియా అడిగినవాడికి పొటాష్ ఇస్తున్నారు. గూడూరు నుంచి రైతు ఎవరొచ్చినా, "మీ ఊళ్లో పాంప్లెట్లు పంచే టీచరమ్మ కనబడిందా?" అని ఆరా తీస్తున్నారు. చివరికి ఉండబట్టలేక, బిట్లు బట్టీ పడుతున్న కూతురి పక్కన చేరి గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మలూ, ఇంతకీ వాడు తాడు విప్పాడంటావా?"

ఐశ్వర్య తల ఎత్తలేదు.

"అది ఇంపార్టెంట్ కాదు నాన్నా. డిస్టర్బ్ చెయ్యకు."

చూశారా, పిల్ల బాగుపడింది! ఇక ఆలస్యం చెయ్యకుండా శాలువా తెప్పించండి. ఈశ్వరప్రసాద్ గారు అప్పట్నుంచీ కూతురి ముఖంకేసి చూడలేకపోతున్నారు, కనీసం మొహాన కప్పుకోవడానికైనా పనికొస్తుంది.