నా తదనంతరం

రికార్డు రూము సూపరింటెండెంటుగా ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి, పోయిన నెల మూడో ఆదివారం ఉదయం తన యావదాస్తి మీద చీటీలు అంటించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

చీటీలు మంచివి. చుట్టూ ఎర్ర గీత ఉన్నవి, కాగితాల కట్టలకు అంటించే రకం. ఆఫీసు నుంచి తెచ్చుకున్నారని గిట్టనివాళ్ళు అంటారు. అది అన్యాయం. ముప్ఫై ఎనిమిదేళ్ళ అనుబంధం కదా, వాటిని అక్కడ వదిలి రాలేకపోయారు.

దీనికంతటికీ మూలం పార్కు. అక్కడ రోజూ సాయంత్రం అయిదింటికి విశ్రాంత ఉద్యోగుల తాత్విక సమాఖ్య సమావేశమవుతుంది. పన్నెండుమంది సభ్యులు, రెండు బెంచీలు. లోకంలో వేల ఏళ్ళుగా తేలని సమస్యల్ని అక్కడ చీకటి పడేలోపు తేల్చేస్తారు. ఆత్మ ఉందా లేదా అన్న విషయం మీద పోయిన ఏడాది ఓటింగు జరిపారు. ఉందని ఏడుగురు, లేదని నలుగురు. పన్నెండో ఆయన నిద్రలో ఉన్నందున తటస్థంగా ఉన్నట్టు భావించారు. ఆ విధంగా ఆత్మ మూడు ఓట్ల ఆధిక్యంతో ఉన్నట్టు తీర్మానించి పుస్తకంలో రాసుకున్నారు. అప్పటినుంచి ఆ సమస్య లేదు.

సమాఖ్యకు అధ్యక్షుడు ఒక మాజీ పన్నుల అధికారి. ఆయన్ని అందరూ వేదాంతి అంటారు. ఉద్యోగంలో ఉండగా ఇతరులది ఏదీ వాళ్ళది కాదని నమ్మిన మనిషి, రిటైరయ్యాక ఏదీ ఎవరిదీ కాదనే స్థాయికి ఎదిగారు. ఆ శనివారం ఆయన ఉపన్యసించారు.

"ఏది మనది? ఇల్లు మనదా? ఒళ్ళు మనదా? మనం ఉత్త కాపలాదారులం. గడువు తీరగానే ఎవరికి అప్పగించాల్సింది వాళ్ళకి అప్పగించి చేతులు దులుపుకుని పోవాలి."

సభ చప్పట్లు కొట్టింది. ఆ వెంటనే తన గొడుగును ఎవరు పక్కకి జరిపారని వేదాంతి కాస్త గట్టిగానే అడిగారు. ఆ గొడుగు మీద ఆయన పేరు మూడు చోట్ల రంగుతో రాసి ఉంటుంది.

మిగతావాళ్ళు ఆ ఉపన్యాసాన్ని ఎప్పటిలాగే అక్కడే వదిలేసి ఇళ్ళకు పోయారు. సూపరింటెండెంటు గారిని మాత్రం "అప్పగించి" అన్న మాట పట్టుకుంది. ఆయన హయాంలో అప్పగింత జాబితా లేకుండా ఒక్క ఉద్యోగీ కుర్చీ దిగలేదు. అలాంటిది ఈ లోకం నుంచి ఇంతమంది ఏ జాబితా లేకుండా వెళ్ళిపోతున్నారు, అడిగే నాథుడు లేడు. ఈ అవకతవకను తన వరకైనా సరిదిద్దాలని ఆయన నిశ్చయించుకున్నారు.

ఆదివారం తెల్లవారగానే పెరటి వైపు నుంచి మొదలుపెట్టారు. మొదటి చీటీ తుప్పు పట్టిన బకెట్టుకు: "నా తదనంతరం చిన్నబ్బాయికి." రెండోది కుంటి స్టూలుకు: "నా తదనంతరం అమ్మాయికి." ఇలా పదకొండు రాశారు. పన్నెండో చీటీ దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు లాగాయి. తదనంతరం అన్న మాట పొడుగు, చీటీ చిన్నది. ఎలాగూ అందరికీ తెలిసిందే కదా అని ఆ మాట వదిలేసి, అక్కణ్ణుంచి పేర్లు మాత్రం రాసుకుంటూ పోయారు. తేదీ అసలే వేయలేదు. తేదీ లేని కాగితం కాగితమే కాదని ఎన్ని వందల ఫైళ్ళు వెనక్కి కొట్టారో లెక్కలేదు, తన చీటీల దగ్గర మాత్రం మరిచిపోయారు.

ఆ విధంగా బకెట్టు, స్టూలు, మూత లేని కూజా వంటి పదకొండు వస్తువులు ఆయన ప్రాణమున్నంత వరకు ఆయనవే అయ్యాయి. బీరువా, గోడ గడియారం, కుట్టుమిషను, పడక కుర్చీ మాత్రం అప్పటికప్పుడే చేతులు మారాయి.

బట్టలు మడతపెడుతున్న భార్య కళ్ళజోడు పైకెత్తి చూసింది. "పనీపాటా లేకపోతే ఇలాగే ఉంటుంది," అంది.

ఆ కుటుంబం క్రమశిక్షణ గల కుటుంబం. తండ్రి రాతను మన్నించడంలో ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు. సోమవారం పొద్దున్న పెద్దకోడలు బీరువాను తన గదిలోకి జరిపించుకుంది. అందులో ఉన్న మామగారి చొక్కాలను నేల మీద పాత పేపరు పరిచి, ఇస్త్రీ చెడకుండా, ఎంతో మర్యాదగా పేర్చింది. చిన్నబ్బాయి గడియారాన్ని తన గదికి తీసుకుపోయాడు. రెండు వీధుల అవతల ఉండే కూతురు కుట్టుమిషను కోసం ఆటో వేసుకుని వచ్చింది. అన్నాళ్ళుగా రాలేదేమని అడగబోయిన తండ్రికి ఆమె ఆటో దిగకుండానే సమాధానం చెప్పింది.

"వెయిటింగు పడుతుంది నాన్నా, తర్వాత మాట్లాడుకుందాం."

వీటన్నిటినీ ఆయన ఓర్చుకున్నారు. పడక కుర్చీ దగ్గరే తట్టుకోలేకపోయారు. కిటికీ పక్కన ఆ కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చుంటే ఆయనకు తానింకా ఒక మనిషినని అనిపించేది. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు పలకరించేవారు. ఇప్పుడు అందులో పెద్దబ్బాయి కూర్చుని ఉన్నాడు. అతను కాలేజీలో లెక్చరరు, నీతిశాస్త్రం చెబుతాడు.

"కూర్చోండి నాన్నా, నిలబడ్డారే," అన్నాడు అతను లేవకుండా, కుంటి స్టూలు చూపిస్తూ. "అది మీదే కదా."

కుర్చీ తిరిగి ఇవ్వమని తండ్రి అడిగారు. దాంతో ఇంట్లో సమావేశం ఏర్పాటైంది. పెద్దబ్బాయి కుర్చీలోంచే ప్రసంగించాడు.

"నాన్నగారి నిర్ణయాన్ని మనమంతా గౌరవించాం. గౌరవించాం కాబట్టే వెంటనే అమలు చేశాం. ఇప్పుడాయన తదనంతరం అంటున్నారు. మంచిదే, మాకేం తొందర లేదు. అయితే దేనికైనా ఒక తేదీ అంటూ ఉండాలని మనకు నేర్పింది ఆయనే. మీకు వీలైన తేదీ చెప్పండి నాన్నా, అప్పటిదాకా కుర్చీ మీ దగ్గరే ఉంటుంది."

"సుమారుగా చెప్పినా చాలు," అన్నాడు చిన్నబ్బాయి. "ఆదివారమైతే అందరికీ సెలవు."

పాయింటు సరైనదే. అలాంటి పాయింటుతో ఎంతమందిని తిప్పి పంపారో సూపరింటెండెంటు గారికే తెలుసు.

న్యాయం కోసం పార్కుకు వెళ్ళారు. వేదాంతి అంతా విని చిరునవ్వు నవ్వారు. "కుర్చీ ఎవరిదైతేనేం? మమకారం వదులుకోండి," అన్నారు. సరేనని ఆయన పక్కన కూర్చోబోయారు.

"అక్కడ కాదు, అది నా గొడుగు చోటు," అన్నారు వేదాంతి.

మర్నాడు మధ్యాహ్నం సూపరింటెండెంటు గారు మిగిలిన ఒకే ఒక్క చీటీ తీశారు. "నా" అన్న మాట లేదు, "తదనంతరం" లేదు. తేదీ మాత్రం శుభ్రంగా వేశారు, ఆ రోజుదే. పేరు చోటు ఖాళీగా ఉంచి, చీటీని తన చొక్కా జేబు మీద అంటించుకున్నారు. హాల్లో స్టూలు మీద కూర్చుని, పక్కన బల్ల మీద పెన్ను పెట్టి, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి నిజంగానే నిద్ర పట్టింది.

నాలుగింటికి మెలకువ వచ్చి చూసుకుంటే చీటీ నిండిపోయి ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు దస్తూరీలు చూసిన కళ్ళు, ఏది ఎవరి రాతో ఇట్టే తెలిసింది. మొదట చిన్నవాడి రాతలో "అన్నయ్యకి." అది కొట్టేసి పెద్దవాడి రాతలో "తమ్ముడికి." అదీ కొట్టేసి, చిన్నవాడి రాతలోనే, "చెల్లికి." మిషను సూదుల డబ్బా మరిచిపోయి దానికోసం వచ్చిన కూతురు దాన్ని కొట్టేసి "అన్నయ్యలకి" అని రాసి వెళ్ళింది. అన్నిటికీ అడుగున పెద్దకోడలి గుండ్రటి అక్షరాల్లో "పార్కుకి" అని ఉంది.

గడియారం కోసం రెండు రోజులు మాటలు మానేసిన పిల్లలు వాళ్ళు. అలాంటిది ఈ ఒక్కదాని విషయంలో ఎంత త్యాగబుద్ధి చూపించారో గమనించండి. ఒక్కరూ నాకంటే నాకని ముందుకు రాలేదు. సూపరింటెండెంటు గారికి ఏడుపు వచ్చింది. చీటీ తడిస్తే రికార్డు పాడవుతుందని ఆపుకున్నారు.

కాఫీ పట్టుకొచ్చిన భార్య వంగి చీటీ చదివింది. ఒకసారి కొట్టివేతలన్నీ లెక్కపెట్టింది.

"నా పేరు రాసుకోవడానికి చోటు కూడా మిగల్చలేదు," అంది. "ఎవరి పేరు రాసుకుంటే ఏం లెండి. నలభై రెండేళ్ళ నుంచి అనుభవిస్తున్నది నేను."

సూపరింటెండెంటు గారు తలెత్తారు. భూమి రికార్డుల్లో యజమాని పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు పక్కనే ఇంకో గడి ఉంటాయి. కాగితం ఎవరి పేరున ఉన్నా, ఏళ్ళ తరబడి అనుభవంలో ఉన్నవాళ్ళను కదిలించడం ఎవరి తరమూ కాదని ఆయనకు తెలిసినంతగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడ ఆ మాట ఏ అర్థంలో అన్నదో అడిగే ధైర్యం మాత్రం ఆయన చేయలేదు.

ఆవిడ కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"లేరా," అంది పడక కుర్చీలో ఉన్న పెద్దకొడుకుతో.

"అది కాదమ్మా, చీటీ మీద నా పేరు..."

"నా కళ్ళజోడు అక్కడ పెట్టొచ్చాను. నాకేం కనపడదు. లే."

నీతిశాస్త్రంలో దీనికి జవాబు లేదు. అతను లేచాడు. సూపరింటెండెంటు గారు కూర్చున్నారు.

పిల్లల్ని తిట్టుకోవద్దని పాఠకులకు మనవి. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఎవరికి వారు పక్కవాడి పేరు రాశారు, అంతే. మీ ఇంట్లోనూ ఈపాటికి ఓ పెద్దాయనో, ఓ పెద్దావిడో గోడకు ఆనుకుని కునుకు తీస్తూ ఉంటారు. ఆ చీటీలో మీరు ఎవరి పేరు రాస్తారని నేను అడగను. మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎంతమందో చెప్పండి, చాలు.