‘నేనైతే’ అన్న గడి

ఆ సోమవారం పొద్దున తాళాలాయన వేసుకున్న పథకంలో ఎవరికీ హాని లేదు. టీ తాగాలి, తొమ్మిదికి దుకాణం తెరవాలి, బేరాలు లేని మధ్యాహ్నం పూట ఫోనులో రెండు పొట్టి సినిమాలు చూసి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. అంతే. మనుషులు తాళంచెవులు పోగొట్టుకునేది పొద్దుటి హడావిడిలోనూ సాయంత్రం అలసటలోనూ తప్ప మధ్యాహ్నం కాదని ఇరవై ఆరేళ్లుగా ఆయన చూస్తూనే ఉన్నాడు.

లైబ్రరీ మేడమీద ఆదివారాలు సినిమా క్లాసు జరుగుతుంది. చిన్న సినిమాలు చూసి, విప్పి, మళ్లీ బిగించి, చివరికి ఎవరి సినిమా వాళ్లు తీయాలి. ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఆకురాయి పట్టుకున్న తాళాలాయనకి ఈ విప్పడం, బిగించడం అన్న మాట బాగా నచ్చింది. మొదటిరోజు గదిలో అడుగుపెట్టగానే రిటైరైన బ్యాంకు మేనేజరొకాయన లేచి, "వచ్చారా, ఆ బీరువా తాళమే పట్టేసింది, చూడండి" అన్నాడు. తాళాలాయన ఆ తాళం బాగుచేసి, చేతులు తుడుచుకుని, ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. ఆ పెద్దమనిషి నోరు మూయించే సినిమా ఒకటి తీసి, వచ్చే ఆదివారం ఆ గోడమీద వేసి చూపించాలి. ఆయన బతుకులో ప్రస్తుతానికి ఉన్న కోరిక అదొక్కటే.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. రెండేళ్ల కిందట వేణువు కొనుక్కున్నందుకు భార్యా, ఆ ఇంట్లోనే ఉండే అత్తగారూ ఆరు నెలలు నవ్వారు. అందుకని ఆదివారాలు ఏదో ఆఫీసులో తాళాల పని ఉందని చెప్పి వెళ్తున్నాడు.

క్లాసు చెప్పే మేడమ్ ప్రతి సినిమానీ నాలుగుసార్లు చూపిస్తుంది. పుస్తకంలో నాలుగు గడులు గీయమంది. ఎన్నో నిమిషం, ఏం కనిపించింది, ఎందుకు పనిచేసింది, నేనైతే ఏం చేస్తాను. "నాలుగో గడి ఖాళీగా వదిలేసినవాళ్లు ప్రేక్షకులుగానే మిగిలిపోతారు" అని బెదిరించింది కూడా. తాళాలాయన ఏ ఒక్కరోజూ నాలుగో గడి ఖాళీగా వదల్లేదు. ఆయనకి నచ్చినవి భయం సినిమాలు. అందులోనూ దయ్యం కనిపించేవి కాదు, దయ్యం ఎక్కడా లేకుండా కుర్చీ మాత్రం కొంచెం జరిగి ఉండేవి. ఆ వారం రాతలు ఇలా ఉన్నాయి:

"రెండో నిమిషం. భార్య స్టోరుగదిలోకి వెళ్తుంది. తిరిగి రాదు. బాగుంది. నేనైతే: అరవనివ్వను. అరిస్తే పక్కింటివాళ్లు వస్తారు, అంతా పాడవుతుంది."

"మూడో నిమిషం. అత్తగారు మెట్లమీద. నేనైతే: ఈవిణ్ణి మొదట్లోనే తీసేస్తాను. ఈవిడ ఉన్నంతసేపూ పని ముందుకి సాగదు."

"ఆఖర్న. భర్త ఒక్కడే కూర్చుని టీ తాగుతుంటాడు. చాలా బాగుంది. నేనైతే: ఇలాగే ముగిస్తాను."

సినిమాల పేర్లు రాసుకోలేదు. ఏ సినిమానో తనకి గుర్తుంటుంది కదా అనుకున్నాడు. సోమవారం ఆ నోట్‌బుక్‌ని ఫ్రిజ్ మీద మరిచిపోయి దుకాణానికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం దానికోసం ఇంటికొస్తే అది ఫ్రిజ్ మీదే ఉంది. కాకపోతే తను వంకరగా పడేసి వెళ్లాడు, ఇప్పుడు అంచుకి సరిగ్గా సర్ది ఉంది. ఎవరో చదివారన్న ఊహ ఆయనకి రాలేదు. తను రాసింది ఆ ఇంట్లో ఎవరైనా చదివిన పాపాన పోతే కదా. ఇల్లు మాత్రం ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. స్నానాలగదిలో కొళాయి ధారగా పోతోంది, ఆ చప్పుడు కింద రెండు గొంతులు గుసగుసలాడుతున్నాయి. ఆయన దగ్గితే గొంతులు ఆగిపోయాయి. కొళాయి ఆగలేదు.

సాయంత్రం భార్య ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఏమండీ, మీకు నామీద ఏమైనా కోపం ఉందా?"

"కోపమా? ఇరవై రెండేళ్లయింది. ఇప్పుడింక కోపమెందుకు?"

ఆవిడ చాలాసేపు ఆయన చేతులకేసి చూసి లేచి వెళ్లిపోయింది.

ఆయనకి ఆవిడతో పనిపడింది. సినిమాకి ఒక ఆడమనిషి కావాలి, స్టోరుగదిలోకి నడిచి వెళ్లాలి, తలుపు దానంతట అదే మూసుకోవాలి. బయట మనుషుల్ని అడిగే ధైర్యం లేదు. అందుకని మంచి చేసుకుందామని మంగళవారం పొద్దున తన చేత్తో టీ కాచి తెచ్చాడు. పెళ్లయ్యాక అది మొదటిసారి.

"మీరు తాగండి ముందు" అంది భార్య.

"నాకొద్దు. నీకోసమే ప్రత్యేకంగా చేశాను. తాగు, నేను చూస్తాను."

కప్పు ఎత్తితే ముఖం మీద వెలుగు ఎలా పడుతుందో చూడాలని ఆయన ఆశ. ఆవిడ కప్పు పట్టుకుని వరండాలోకి వెళ్లింది, ఖాళీ కప్పుతో వచ్చింది. వరండాలో పూలకుండీ మట్టి ఆవిర్లు కక్కుతోంది. మట్టిలోంచి ఆవిరి రావడం ఆయన ఇదివరకెప్పుడూ చూడలేదు. ఒళ్లు జలదరించింది. గబగబా నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు.

బుధవారం వంటింట్లో కత్తులు లేవు.

"కత్తులేవి?"

"పదును పెట్టడానికిచ్చాను."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన రొట్టెని చెంచాతో కోసుకుని తిన్నాడు. పక్కగదిలో అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. సగం ముఖం వెలుగులో, సగం నీడలో. తాళాలాయన గుమ్మంలోనే ఆగిపోయి, రెండు చేతుల వేళ్లతో చట్రం కట్టి అందులోంచి ఆవిణ్ణి చూశాడు.

"అత్తయ్యా, కదలకండి. అలాగే ఉండిపోండి. మిమ్మల్ని అలా చూసినవాళ్లెవరూ జన్మలో మర్చిపోలేరు."

"నాకు బీపీ ఉంది నాయనా" అంది అత్తగారు, పెదాలు మాత్రం కదిపి. మర్నాటి పొద్దున ఆవిడ గది తలుపు తోస్తే రాలేదు. లోపల మంచం అడ్డంపెట్టి ఉంది.

వీధిలోనూ అదే వరస. ఆయన వస్తుంటే మాటలు ఆగిపోతున్నాయి. పక్కింటాయన దుకాణానికొచ్చి, "మా ఇంటి తాళంచెవి నకలు మీ దగ్గరేమైనా ఉండిపోయిందా" అని అడిగాడు. లేదంటే, నమ్మనట్టు చూసి, కొత్త తాళం కొన్నాడు. ఈ దుకాణంలో కాదు, ఎదురు దుకాణంలో.

ఇంటికేదో పట్టిందని తాళాలాయనకి అర్థమైంది. అదేమిటో మాత్రం తెలియలేదు. గదిలోకి వెళ్తే అందరూ ఉన్నచోటే బిగుసుకుపోతున్నారు, బయటికొస్తే వెనక కుర్చీలు జరుగుతున్నాయి. ఇంకెవరైనా అయితే భయపడి ఊరుకుందురు. ఆయన భయపడుతూనే రాసుకున్నాడు: "గురువారం. నన్ను చూడగానే ఊపిరి బిగపడుతున్నారు. భయం బాగా కుదురుతోంది. శనివారానికి పని పూర్తవుతుంది." ఆ సాయంత్రం నోట్‌బుక్ మళ్లీ ఫ్రిజ్ మీద సర్ది ఉంది.

శుక్రవారం దుకాణం మూసి స్టోరుగది పని చూసుకున్నాడు. లోపలి గడియ ఫోనులో తళుక్కుమంటోందని ఊడదీశాడు. పని అయ్యేదాకా ఎవరూ లోపలికెళ్లి సామాను కదపకూడదని తలుపుకి బయటివైపు కొత్త గడియ బిగించాడు. కిటికీకి నల్లగుడ్డ కొట్టాడు. తలుపు దానంతట అది మూసుకున్నట్టు లాగడానికి తాడు కట్టి చూసుకున్నాడు. తాడు గట్టిదే. చేతులు దులుపుకుని బయటికొస్తే, బస్సు నడిపే బావమరిది సంచితో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏరా, చెప్పాపెట్టకుండా?"

"ఏం లేదు బావా. నాలుగు రోజులుందామని." వాడి చూపు స్టోరుగది మీద ఆగిపోయింది. "దానికి బయట గడియెందుకు?"

"లోపలున్నవాళ్లు తీయకుండా" అన్నాడు తాళాలాయన. ముందు తోచిన కారణం కంటే ఇది బాగుందనిపించింది.

"లోపల ఎవరుంటారు?"

"మీ అక్క." అనేశాక నాలుక కరుచుకున్నాడు. "దానికి చెప్పకురా. ముందే తెలిస్తే ముఖంలో సహజత్వం పోతుంది."

బావమరిది మంచినీళ్లు అడిగాడు. రెండు గ్లాసులు తాగాడు.

శనివారం పదకొండు గంటలకి, భార్య బట్టలు మడతపెడుతుంటే తాళాలాయన మెల్లగా వెళ్లి పక్కన నిలబడ్డాడు. మూడు రోజులుగా కూడబెట్టుకున్న మాటలు ఒక్క గుక్కలో అనేశాడు.

"ఒకసారి స్టోరుగదిలోకి వస్తావా? ఎక్కువసేపు కాదు. నాలుగు నిమిషాల్లో అయిపోతుంది."

ఎందుకు, ఏమిటి, నాకు పనుంది అంటుందనుకున్నాడు. ఆవిడ చేతిలోది మడతపెట్టి, దొంతరమీద పెట్టి, "శాలువా కప్పుకుని వస్తాను, పదండి" అంది. గొంతులో వణుకు లేదు. శాలువా కప్పుకునేంత చలీ లేదు.

ఆయన ముందే వెళ్లి, రంగుడబ్బాల మధ్య ఫోను నిలబెట్టి, రికార్డింగు నొక్కాడు. ఆవిడకి నిలబడే చోటు చూపించి, తను బయటికి తప్పుకుని తాడు లాగాలని లెక్క. ఆవిడ లోపలికొచ్చింది. వస్తూనే వెనక్కి తిరక్కుండా మడమతో తలుపు మూసింది. ఇక తాడుతో పనిలేదు, ఆయన బయటికి పోయే దారీ లేదు.

"ఎక్కడ నిలబడమంటారు?"

"అక్కడ. గోడవైపు తిరుగు."

"మీరు తిరగండి ముందు."

"నేనెందుకు తిరగాలి?"

"ఊరికే."

నల్లగుడ్డ అంచుల్లోంచి వచ్చే వెలుగు ఆవిడ ముఖానికి సగం దాకానే వస్తోంది. పైన నీళ్లతొట్టి బొట్టుబొట్టుగా కారుతోంది. ఆవిడ రెప్ప వేయడం లేదు. ఒక అడుగు ముందుకి వేసింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు, ఎందుకు వేశాడో తెలియదు. ఇరవై రెండేళ్లుగా ఎదురుగా కూర్చుని తిండి తిన్న మనిషి ఈవిడ కాదనిపించింది. బయట ఎవరో సన్నగా అంకెలు చదువుతున్నారు. ఎనభై ఒకటి. ఎనభై రెండు. ఇంకో అడుగు వెనక్కి వేసేసరికి మడమ రంగుడబ్బాకి తగిలింది. డబ్బాలతోపాటు ఫోను కూడా జారి ఆవిడ కాళ్ల దగ్గర పడింది, అందులో ఆవిడ ముఖమే పైకి చూస్తోంది.

"ఇదేంటి?"

"సినిమా" అన్నాడాయన. "నువ్వే హీరోయిన్‌వి."

నూరు పూర్తయినట్టుంది, తలుపు తోసుకుని బావమరిది దూకాడు. తాడు కాళ్లకి చుట్టుకుని బావ మీదే బోర్లాపడ్డాడు.

తర్వాత గంటసేపు ఆ ఇంట్లో విచారణ జరిగింది. నోట్‌బుక్ బల్లమీదకొచ్చింది. తాళాలాయన ఒక్కొక్క సినిమా ఫోనులో వేసి, ఇదిగో ఈ భార్య, ఇదిగో ఈ అత్తగారు అని వేలుపెట్టి చూపించాడు. బావమరిది కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు.

"నూరు లెక్కపెట్టాకే రమ్మంది బావా అక్క. ముందు రావద్దంది. దాని ధైర్యం చూడు."

అత్తగారు మాత్రం నవ్వలేదు. "నన్ను మొదట్లోనే తీసేస్తానని రాశావుగా."

"సినిమాలోంచి అత్తయ్యా."

"సినిమాలోంచైనా, అదేం మర్యాద?"

భార్య కూడా నవ్వింది. చివర్లో, కొంచెంగా. శాలువా తీయకుండానే పెరట్లోకి వెళ్లొచ్చి వంట మొదలుపెట్టింది. కత్తులు వాటి చోటికి అవి వచ్చేశాయి.

మళ్లీ తీయడానికి టైము లేదు. ఫోను జారిపడేదాకా అందులోకి ఎక్కిన మూడు నిమిషాల యాభై సెకన్లే ఆదివారం లైబ్రరీకి పట్టుకెళ్లాడు. భార్య తనూ వస్తానంది. గోడమీద ఆ సినిమా నడుస్తుంటే ఎవరూ బెంచీమీద కదల్లేదు. బ్యాంకు మేనేజరు నోరు వెళ్లబెట్టి ఉన్నాడు. తాళాలాయన కడుపు చల్లబడింది.

"మళ్లీ మొదటినుంచి" అంది మేడమ్. అందరూ గడులు గీసుకున్నారు.

రెండోసారి చూశాక బ్యాంకు మేనేజరే ముందు లేచాడు. "అద్భుతమండీ. చంపబోయేది ఎవరో ఒక్క ముక్క చెప్పకుండా చెప్పారు. పాపం, ఆ భర్తకి చివరిదాకా ఏమీ తెలియదు."

"ఏ భర్తకి?" అన్నాడు తాళాలాయన.

మేడమ్ బొమ్మని ఆపింది. "తలుపు మూసిందెవరో చూడండి. ఆవిడ. కుడిచెయ్యి ఒక్కసారైనా శాలువా బయటికొచ్చిందా? రాలేదు. ఇప్పుడిక్కడ, అడుగు ముందుకేసినప్పుడు, శాలువా అంచు కింద ఏం కనిపిస్తోంది?"

"సుత్తి" అన్నారు ముగ్గురు ఒకేసారి.

ఆకుపచ్చ టేపు చుట్టిన పిడి. ఆ టేపు చుట్టింది తాళాలాయనే. బొమ్మ మళ్లీ కదిలింది, మళ్లీ ఆగింది.

"కళ్లు చూడండి. ఆయన ముఖంకేసి చూడటం లేదు. కొంచెం పైకి, ఎడంపక్క కణతకేసి చూస్తోంది. కొలుస్తోంది. ఇలాంటి చూపు ఎవరూ నేర్పితే రాదు." మేడమ్ వెనక్కి తిరిగింది. "ఆవిడ మీరే కదమ్మా? ఏమనుకుని చేశారు ఇది?"

భార్య లేచి నిలబడింది. ఇంతమందిలో మాట్లాడటం ఆవిడకి కొత్త. అయినా తడబడలేదు.

"ఒక్క దెబ్బకి అయిపోవాలి అనుకున్నానండీ. రెండోది కొట్టాలంటే నాకు మనసొప్పదు. ఎంతైనా కట్టుకున్న మనిషి."

గది గదంతా చప్పట్లు కొట్టింది. ఆ ఏటికి ఇదే మేటి సినిమా అని మేడమ్ అక్కడికక్కడే చెప్పింది. బ్యాంకు మేనేజరు బెంచీలు దాటుకుంటూ వచ్చి తాళాలాయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "దర్శకులంటే మీరండీ. అదేంటి, చెయ్యి ఇంత చల్లగా ఉంది?"

లైబ్రరీ మెట్లు ఇరుకు, ఇద్దరు పక్కపక్కన దిగడానికి వీల్లేదు. తాళాలాయన ఎంతో మర్యాదగా పక్కకి ఒదిగి, భార్యని ముందు నడవమన్నాడు.