పూలు లేకుండా దిగిన ఆవులు

డాక్టర్ కాసియన్ మోస్నర్ గారి కొత్త చిత్రం చూసి వియన్నా నగరంలో ఒక్కరు కూడా చలించలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

ఆయన స్వతంత్ర దర్శకులు. అంటే ఏ నిర్మాతా ఆయన జోలికి రాడు, ప్రభుత్వ కళాశాఖ మాత్రం వస్తుంది. సినిమాలో కథ అనేది చచ్చిపోయిందని లావుపాటి సిద్ధాంత గ్రంథం రాసి డాక్టరయ్యారు. అది మళ్లీ లేచి కూర్చోకుండా చూడటానికి సినిమాలు తీయడం మొదలుపెట్టారు. మొదటి చిత్రంలో ఒక మెట్లదారి ఉంది. రెండోదానిలో ఆ మెట్లదారి కూడా తీసేశారు. విమర్శకులు దాన్ని పరిణతి అన్నారు. ఆయన సినిమా తరవాత చర్చ ఉంటుంది, అది సినిమా కంటే పొడుగు. తెలిసినవాళ్లు చర్చ వేళకే వచ్చి, తెల్ల వైను పుచ్చుకుని, సినిమా చూసినవాళ్ల కంటే బాగా మాట్లాడి వెళతారు.

ఇంతలో నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు పదవి ఖాళీ అయింది. వియన్నా కాఫీ హోటల్లో డాక్టరుకి సర్వరు వంగి నమస్కరిస్తాడు. ప్రొఫెసరుకైతే కిటికీ పక్క బల్ల కూడా ఇస్తాడు. కాసియన్ గారికి ఆ బల్ల మీద చాలాకాలంగా కన్నుంది. అయితే ఆయన సిద్ధాంతం సామాన్య ప్రజల మీద కూడా పనిచేస్తుందో లేదో, అంటే వాళ్లూ చలించకుండా ఉంటారో లేదో, స్వయంగా చూడాలని నియామక సంఘం అధ్యక్షురాలు ప్రొఫెసర్ హాక్‌స్టైనర్ గారు షరతు పెట్టారు. కాసియన్ గారు ఏమాత్రం తడుముకోకుండా టిరోల్ కొండల్లో తాను పుట్టిన ఊరిని ఎంచుకున్నారు. ఆయన సినిమాకి ఆ ఊరివాళ్లు ఇంతవరకూ చివరిదాకా మేలుకుని ఉన్నది లేదు.

చిత్రం పేరు 'కిందికి'. వేసవంతా కొండ మీద మేసిన ఆవులు లోయలోకి దిగుతాయి. అంతే. మామూలుగా సెప్టెంబరులో అవి దిగేటప్పుడు తలల నిండా పూలు, మెడల్లో పెద్ద గంటలు ఉంటాయి. పూలు చవకబారు భావోద్వేగమనీ, గంటలు ప్రేక్షకుడి మీద దౌర్జన్యమనీ కాసియన్ గారు తేల్చారు. ఎక్కడో పక్క లోయలో ఒక రైతుని బతిమాలి, జూలైలోనే ఆవుల్ని బోడి తలలతో, చప్పుడు లేకుండా దింపించారు.

అగ్నిమాపక దళం వారి హాల్లో తెర కట్టారు. మొదటి ఆవు మలుపు తిరిగి కనబడగానే మగవాళ్లందరూ టోపీలు తీసేశారు.

"అయ్యో దేవుడా, పూల్లేవే!" అంది ముందు వరసలో ఉన్న బుర్గా పెద్దమ్మ. కాసియన్ గారిని ఎత్తుకు పెంచింది ఆవిడే. "గంటలు కూడా కట్టలేదు. ఎవరు పోయారో పాపం!"

ఆ కొండల్లో ఇంట్లో మనిషి గానీ మందలో గొడ్డు గానీ పోయిన ఏడు ఆవులు అలంకారం లేకుండానే దిగుతాయి. ఈ సంగతి కాసియన్ గారి సిద్ధాంత గ్రంథంలో ఒక ఫుట్‌నోటుగా ఉంది. ఫుట్‌నోటులో పెట్టినదాన్ని మరిచిపోవడం పండితుల హక్కు.

"ఆ రైతు పెళ్లాం పోయుంటుంది," అన్నాడు పాలకేంద్రం వెండెలిన్. "చొక్కా గుండీలు చూడు, ఎట్లా పెట్టుకున్నాడో. ఆవిడే ఉంటే ఆ వేషంతో గడప దాటనిస్తుందా?"

"నువ్వు కాసేపు నోరు మూసుకో. నన్ను ఏడవనీ," అంది వెండెలిన్ భార్య.

రైతు ఒక రాయి మీద కూర్చుని చాలాసేపు ఊరికే దూరంగా చూసే దృశ్యం వచ్చింది. వియన్నాలో దాన్ని కాలాన్ని ఖాళీ చేయడం అన్నారు. ఇక్కడ హాలంతా ముక్కులు చీదింది. ప్రొఫెసర్ హాక్‌స్టైనర్ గారు కళ్లజోడు సవరించుకుని చుట్టూ చూశారు. నియామకానికి ఇది మంచి సూచన కాదు.

దీపాలు వెలిగాయి. పెద్దమ్మ వచ్చి కాసియన్ గారి చెయ్యి పట్టుకుంది.

"ఒరే కాసీ, మీ పెదనాన్న పోయిన ఏడు నేనూ అట్లాగే కూర్చున్నానురా. నువ్వు పసివాడివి, నీకేం గుర్తుంటుందిలే అనుకున్నా. పట్నంలో వీడేం వెలగబెడుతున్నాడో అని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. ఇదన్నమాట నువ్వు చేసే పని!"

ఆయన సినిమా చూసి ఒక మనిషి ఏడవడం అదే మొదలు. కాసియన్ గారికి చాలా సంతోషం వేసింది, దాచడమెందుకు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ప్రొఫెసర్ గారి మాట వినబడింది.

"డాక్టర్ మోస్నర్, మీ చిత్రంలో కథ ఉన్నట్టుందే?"

ఆయన చెయ్యి విడిపించుకుని వేదిక ఎక్కారు.

"ప్రియమైన గ్రామ ప్రజలారా! మీరొక దురదృష్టకరమైన అనుభూతికి లోనైనట్టు నా దృష్టికి వచ్చింది. ఈ చిత్రంలో ఎవరూ మరణించలేదు. రైతు భార్య సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నారు. ఆ రోజు మా బృందానికి భోజనం వండిపెట్టినది ఆమే. రైతు రాయి మీద కూర్చుని ఎదురుచూసినది ఆ భోజనం కోసమే. పూలు లేకపోవడం పూలపై విమర్శ మాత్రమే. కావున తమ దుఃఖాన్ని వెంటనే ఉపసంహరించుకోవలసిందిగా కోరుతున్నాను."

చర్చ పొద్దుగుంకేదాకా సాగింది. ముందు రుమాళ్లు జేబుల్లోకి వెళ్లాయి, తరవాత ముఖాలు ఎర్రబడ్డాయి. చివరికి వెండెలిన్ లేచి నిలబడ్డాడు.

"తప్పు కాయండి డాక్టర్ గారూ. చదువులేనివాళ్లం, తెలీక ఏడ్చాం."

ప్రొఫెసర్ గారి ముఖం వికసించింది. పెద్దమ్మ మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

"అయితే కాసీ, మీ పెదనాన్న గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చిందే, అదేమిటి?"

"అది ప్రేక్షకుల పొరపాటు," అన్నారు కాసియన్ గారు, ఆవిడ వైపు చూడకుండా.

"మంచిదండి, ప్రొఫెసర్ గారూ," అని పెద్దమ్మ శాలువా కప్పుకుని బయటికి నడిచింది. ఆ పేరుతో ఆయన్ని మొట్టమొదట పిలిచింది ఆవిడే. ఆయన దాన్ని ఆశీర్వచనంగా స్వీకరించారు.

నియామకం ఏకగ్రీవంగా జరిగింది. కిటికీ పక్క బల్ల కూడా దక్కింది. ఇది చదివి మీలో ఎవరికైనా పెద్దమ్మ మీద జాలి కలిగి ఉంటే కంగారు పడనక్కర్లేదు. కథ అయిపోయింది, ఇక మనవాళ్లు చర్చ మొదలుపెడతారు. తెల్లారేసరికి మీకు నయమైపోతుంది.