ఫ్రిజ్ మీద ఐదు కారణాలు

పెళ్లయి ఇరవై మూడు రోజులైన చిన్నకోడలికి ఆ ఉదయం రెండే పనులు. ఒక కాగితం రాయడం, తలస్నానం చేయడం. పదకొండు గంటలకు తోటికోడలితో, ఆమె నాలుగేళ్ల కూతురు చిట్టితో కలిసి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చిట్టికి ఆటిజం అని తేలి నెలయింది. ఆ నెలలో చుట్టాలు తలా ఒక కారణం చెప్పారు. చెప్పినప్పుడల్లా, చిన్నకోడలు అక్కా అని పిలిచే ఆ తోటికోడలి మొహం ఇంకాస్త వాడిపోయింది. "ఎవరేమన్నారో అన్నీ రాసుకుని రండి, ఒక్కొక్కటే తేల్చేద్దాం" అని డాక్టరుగారు చెప్పి పంపారు.

చిన్నకోడలు కొత్త స్కెచ్ పెన్నులు తీసి గుండ్రటి అక్షరాలతో రాసింది. పైన ఎర్రగా శీర్షిక: చుట్టాలు చెప్పినవి, నిజమో కాదో డాక్టరుగారిని అడగాలి. కింద ఐదు అంశాలు. మైక్రోవేవ్. టీకాలు. వైఫై. తల్లి కడుపుతో ఉండి కూడా ఉద్యోగం మానకపోవడం. తల్లి పిల్లను సరిగ్గా ఎత్తుకోకపోవడం.

మరిచిపోకుండా దాన్ని ఫ్రిజ్‌కి అంటించింది, పెళ్లి ఫొటో అచ్చేసిన అయస్కాంతంతో. స్నేహితురాళ్లు ఇచ్చిన కానుక అది, అరచేయంత ఉంటుంది. ఫొటోలో మొగుడు తుమ్మబోతున్నట్టు ఉంటాడు. ఆ మొహం చూసి రోజుకు పదిసార్లయినా నవ్వుకుంటుంది. అప్పుడూ నవ్వుకుంది. శీర్షిక మొత్తం ఆ మొహం కిందికి పోయిందని చూసుకోలేదు.

తలకు టవల్ చుట్టుకుని వచ్చేసరికి మైక్రోవేవ్ ఉండాల్సిన చోట నలుచదరంగా దుమ్ము మాత్రం ఉంది. దాని ముందు చిట్టి కూర్చుని "టింగ్, టింగ్" అని ఏడుస్తోంది. ఆ పెట్టెలో పళ్లెం తిరగడం చూడటమంటే ఆ పిల్లకు ప్రాణం.

"అత్తయ్యా, మైక్రోవేవ్ ఏదీ?"

"కింద టైలరుకి ఇచ్చేశా. ఆయన పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ప్రమాదం లేదు. డాక్టరు అంత వివరంగా కారణాలన్నీ చెబితే, ఫ్రిజ్ మీద అంటించావు గానీ నాకొక్క మాటైనా చెప్పవేమ్మా? మూడోదాని సంగతి మీ మామయ్య చూసుకుంటున్నారు."

హాల్లో మామగారు వైఫై డబ్బాను పీకి, తువ్వాల్లో చుట్టి, పామును పట్టుకున్నట్టు బాల్కనీలోకి మోసుకెళుతున్నారు.

"కాగితం ఫొటో మన చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాకే పీకమన్నాలే" అంది అత్తగారు, తన ముందుచూపుకు తానే మురిసిపోతూ.

ఫోన్ మోగింది. ఆడపడుచు.

"వదినా, బాబుకి టీకా వేయించడానికి వచ్చా. ముందు ఇద్దరే ఉన్నారు. ఇంతలో అమ్మ ఫొటో పంపింది. భయమేసి వరుసలోంచి వచ్చేశా. డాక్టరే రాసిందటగా?"

"రాసింది నేను!"

"నువ్వెప్పుడు డాక్టరయ్యావు?"

సమాధానం చెప్పబోతూ చిన్నకోడలు వెనక్కి తిరిగింది. అక్క ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది. తను పాఠాలు చెప్పే బడిలో పిల్లల కాగితాలు దిద్దినంత శ్రద్ధగా చదువుతోంది.

"నాలుగూ ఐదూ నేనే కదా" అంది నెమ్మదిగా. "నువ్వూ అలాగే అనుకుంటున్నావని తెలీదు చెల్లీ. పోనీలే, అక్షరాలు బాగున్నాయి."

చిన్నకోడలు ఒక్క గెంతులో వెళ్లి అయస్కాంతం పీకింది. ఎర్ర శీర్షిక బయటపడింది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"నా కొడుకు అడ్డం పడ్డాడన్నమాట. చిన్నప్పట్నుంచీ అంతే, ఎక్కడ నిలబడకూడదో సరిగ్గా అక్కడే నిలబడతాడు."

అక్క మాత్రం నవ్వలేదు. "నిజం కాదని రాయలేదుగా. అడగాలని రాశావు."

అడగడానికి అందరూ బయలుదేరారు. డాక్టరుగారు కాగితం చూడగానే తన ఫోన్ తీసి చూపించారు. "పొద్దుట్నుంచి ముగ్గురు పంపారు నాకు. ఈ తుమ్మే అబ్బాయి ఎవరా అనుకుంటున్నా."

తర్వాత పెన్ను తీసుకుని ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చారు. "మైక్రోవేవ్, కాదు. టీకాలు, లక్షల మంది పిల్లల్ని పరిశీలించి తేల్చారు, కాదు. వైఫై, కాదు." పెన్ను నాలుగో అంశం మీదికి వచ్చింది. అక్క చిన్నకోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇదీ కాదు. ఐదోదీ కాదు. చాలావరకు జన్యువుల వల్ల వస్తుందమ్మా, పుట్టకముందే మెదడు ఎదిగే తీరులోనే మొదలవుతుంది. మాకు ఇంకా తెలియనివి ఉన్నాయి. కానీ మీరు పాఠాలు చెప్పడం వల్ల రాలేదని మాత్రం తెలుసు."

"ఇంకోసారి చెప్పండి" అంది అక్క.

డాక్టరుగారు మళ్లీ చెప్పారు. మూడోసారి అత్తగారే చెప్పింది, పెద్దకోడలి వీపు నిమురుతూ, అవతలి గదికి కూడా వినిపించేంత గట్టిగా. అక్క కళ్లు తుడుచుకుంది.

అత్తగారు వెంటనే కూతురికి ఫోన్ చేసింది. "వరుసలోకి పోవే!"

"ఇప్పుడు నా ముందు పదహారు మంది ఉన్నారమ్మా!"

"ఉండనీ, నిలబడు." కొట్టివేతల కాగితం గ్రూపులోకి వెళ్లింది. ఈసారి శీర్షికతో సహా.

సాయంత్రానికి మైక్రోవేవ్ తిరిగొచ్చింది. పొద్దున్నించి మూడుసార్లు టీ వెచ్చబెట్టుకున్న టైలరు దాన్ని బరువెక్కిన మనసుతో అప్పగించాడు. పళ్లెం తిరగగానే చిట్టి చప్పట్లు కొట్టింది. అక్క మురిపెంగా ఎత్తుకోబోతే, అడ్డొచ్చావన్నట్టు తోసి కిందికి జారిపోయింది.

"చూశావా, ఎత్తుకుంటానన్నా ఉండదు!" అని అక్క పకపకా నవ్వింది. నెల రోజుల తర్వాత ఆమె నోట వినపడిన మొదటి పెద్ద నవ్వు అది.

కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది. పెళ్లి ఫొటోలోని దంపతులు మాత్రం, చదవడానికి ఏమీ లేని ఫ్రిజ్ పక్కవైపుకు కాపురం మార్చారు.