బేసి తేదీల మెచ్చుకోలు

నవ్వనంటేనే చెబుతాను. సరే, నవ్వండి. మా ఇంట్లోవాళ్లు, నా క్లాసువాళ్లు నవ్వేశారు, ఇక మీరే మిగిలారు.

నేను పన్నెండో తరగతికి సైకాలజీ చెబుతాను. అప్పుడు నడుస్తున్న పాఠం పరిశోధనా పద్ధతులు. మనిషి మీద ప్రయోగం చేయాలంటే ముందు ఆ మనిషి అనుమతి తీసుకోవాలని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. మర్నాడే, అనుమతి ఊసెత్తకుండా మా ఆవిడ మీద ప్రయోగం మొదలుపెట్టాను.

మెచ్చుకుంటే మా ఆవిడ విసుక్కోవడం తగ్గుతుందా? ఇదీ నా ప్రశ్న. బేసి తేదీల్లో వంట మెచ్చుకోవాలి, సరి తేదీల్లో నోరు మూసుకోవాలి. ఎన్నిసార్లు విసుక్కుందో నోట్‌బుక్‌లో గీతలు పెట్టాలి. దాన్ని పిల్లలకు నమూనాగా చూపించి శభాష్ అనిపించుకోవాలి. ముందే చెబితే తను మామూలుగా ఉండదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి అడిగే ధైర్యం లేదు.

ఒకటో తేదీన, "కూర అదిరిందోయ్!" అన్నాను.

"ఒంట్లో బాగానే ఉందా మీకు?"

"బాగుంటే బాగుందనకూడదా?"

"పందొమ్మిదేళ్లకి నాలుక పనిచేసిందన్నమాట!" అంటూనే ఇంకో గరిటెడు వేసింది. అటు తిరిగి నవ్వుకుంది కూడా. ఆ రోజు ఒక్క గీత పడలేదు.

రెండో తేదీన మౌనం. నాలుగు గీతలు. మూడో తేదీన అదే కూర మళ్లీ చేసింది, మళ్లీ పొగిడాను. ప్రయోగం నల్లేరు మీద బండిలా సాగిపోతోందనుకున్నాను.

ఏడో తేదీన కాఫీలో ఉప్పు పడింది. బేసి తేదీ కదా, ఏం చేయను? "అమృతం!" అన్నాను కళ్లనీళ్లు ఆపుకుంటూ. ఎదురుగా మా అమ్మాయి ఏదో రాసుకుంటోంది. అది నా క్లాసులోనే చదువుతుంది. దాని తీర్పులు పడలేక ఇంట్లో జడ్జిగారంటాం.

ఎనిమిదిన కూర నిజంగా అద్భుతం. సరి తేదీ. గొంతుదాకా వచ్చిన మాటను కూరతోపాటే మింగేశాను. తొమ్మిదిన కూర బొగ్గయింది.

"ఆ మాడు వాసనే దీనికి అందం" అన్నాను.

"అయ్యో, అంత నచ్చిందా? ఉండండి, అడుగున ఇంకా ఉంది" అంది మా ఆవిడ. గిన్నె గోకి మరీ వడ్డించింది. తిన్నాను.

పదిహేనో తేదీన పిల్లల ప్రాజెక్టులు. తల్లిదండ్రులనూ పిలిచాం. మా ఆవిడ ముందు బెంచీలో కూర్చుంది. జడ్జిగారు లేచింది.

"నా ప్రాజెక్టులో పాల్గొన్నది ఒక్కరే. నలభై ఆరేళ్ల ఉపాధ్యాయుడు. ఉప్పు కాఫీకి 'అమృతం' అన్నారు. మాడిన కూర మారు వడ్డిస్తే తిన్నారు. మంచి కూరకు మౌనం. ఆయన మెప్పుకీ రుచికీ సంబంధం లేదు. తేదీకి మాత్రం నూటికి నూరు శాతం ఉంది."

క్లాసు గొల్లుమంది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ మనిషి అనుమతి తీసుకున్నావా?" అని గద్దించాను.

కాగితం నా చేతిలో పెట్టింది. కింద నా సంతకం! ఐదో తేదీన, స్కూలు కాగితాల మధ్య, చదవకుండా నేను పెట్టిందే. 'ఆహారంలో ఉప్పు ఎక్కువ కావచ్చు' అని స్పష్టంగా ఉంది.

"మరి మీ నోట్‌బుక్‌లో ఉన్న ఆవిడ అనుమతి ఏదండీ, మాస్టారూ?" ముందు బెంచీలోంచి మా ఆవిడ అడిగింది.

నా వెనక బోర్డు మీద, ప్రాజెక్టుల కోసం చెరపకుండా ఉంచిన ఆ వాక్యం కింద రెండు గీతలు ఇంకా అలాగే ఉన్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి నడుస్తూ, "కసి తీరిందా?" అన్నాను.

"కసి కాదండీ. నాలుగో తేదీన మీ సంచీలో టిఫిన్ డబ్బా పెడుతుంటే ఆ నోట్‌బుక్ దొరికింది. అంతవరకూ నిజమే అనుకున్నాను. మీకు నచ్చిందని ఆ కూర మళ్లీ చేశాను కూడా."

క్లాసంతా నవ్వినప్పుడు పడని సిగ్గు అప్పుడు పడ్డాను. పందొమ్మిదేళ్లలో మొదటిసారి మెచ్చుకున్నాను, అదీ దొంగ మెప్పే.

మర్నాడు మొదటి ముద్దకే, "చాలా బాగుంది. నిజంగా. ఇవాళ సరి తేదీ కూడా" అన్నాను.

మా ఆవిడ క్యాలెండర్ వైపు చూసింది. "ఒక్క రోజు చూసి తేల్చకూడదని మీ పాఠంలోనే ఉందటగా, అమ్మాయి చెప్పింది" అని ఒక కాగితం నా ముందుకు తోసింది. "సంతకం పెట్టండి. ఈసారైనా చదివి."

ప్రతి అక్షరం చదివాను. ప్రయోగం ఎంతకాలం అన్నచోట 'జీవితాంతం' అని ఉంది.

సంతకం పెట్టాను.